దాలయ్య మేస్త్రి ఆరో పాఠం

1వ రోజు

మేడం, నేను తవిటయ్యని. మాది గాలిమెట్ట కొండ. ఎవరికి ఏం నేర్పానో రోజూ రాసి పంపమన్నారు కదా, అందుకే రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి వరకే. తప్పులు ఫోనే దిద్దుతోంది. అది దిద్దనివి మీరు దిద్దుకోండి. నోటితో అయితే ఇంత కూడా చెప్పలేను. మీ సంఘం ట్రైనింగులో మీరు నా పేరు అడిగినప్పుడు కెమెరా ఆగిపోయింది కదా, అది సిగ్నల్ పోయి కాదు. నేనే ఆపేశాను.

పొద్దున సంఘం వారి గాలి బుడగ మా కొండ మీదుగా ఎగిరిపోతూ సామాను దింపింది. రెండు కెమెరాలు, ఒక మైకు, ఒక తెర పలక. అన్నీ బ్యాటరీ షెడ్డులో పెట్టాను. నా పని అక్కడే. బ్యాటరీలు తుడుస్తాను, బుడగ వచ్చే వేళకి అందరి మెసేజ్‌లూ పైకి పంపిస్తాను. పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి వస్తుంది.

వీడియో పాఠం చేయడం ఇద్దరికి నేర్పాలి. ఒకరు దాలయ్య మేస్త్రి. మంచు నుంచి నీళ్లు పట్టే వలలు కట్టడంలో ఆయన తరవాతే ఎవరైనా. రెండో ఆవిడ అసిరమ్మ. మంచు రేపు ఏ వైపు నుంచి వస్తుందో ఇవాళే చెబుతుంది. నాకు పదేళ్లప్పుడు మా అమ్మ నన్ను మేస్త్రి దగ్గర పెట్టాలని చూసింది. ఈ గుంటడు నోరు తెరవడు, వల జారితే కేక ఎవడు వేస్తాడు అని ఆయన వెనక్కి పంపేశాడు. ఇప్పుడు ఆయనకే నేను నేర్పాలి.

మా అక్క పోలమ్మ, అప్ప అంటాను, ఎర్రకొమ్ము కొండ మీద ఉంది. పోయిన పుష్యంలో పదకొండు ఇళ్లవాళ్లు లోయ దాటి అక్కడికి వెళ్లారు. పుష్యం తప్ప ఇంకే నెలలో లోయలోకి దిగినా ఆ వేడికి మనిషి మిగలడు. వాళ్లలో వల కట్టడం తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. కార్తీకం మంచు మొదలైంది. తొట్టిలో నీళ్లు ఇరవై ఎనిమిది రోజులకే సరిపోతాయని అప్ప చెప్పింది. మా పాఠాలు చూసి వాళ్లు ఈలోపు వలలు నిలబెట్టాలి.

3వ రోజు

ఇవాళ అసిరమ్మకు మైకు గురించి నేర్పాను. నేర్పాను అనడం ఎక్కువేమో. ఆమె కెమెరా చూడగానే కొంగు తల మీదికి లాక్కుంది. తరవాత కొండ అంచున నిలబడి మాట్లాడినట్టు గట్టిగా కేకలు పెట్టింది. పలక మీద గొంతు ఎంత గట్టిదో చూపే గీత మొత్తం ఎర్రగా అయిపోయింది. పెద్దావిడను మెల్లగా మాట్లాడమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పలక మీద రాసి చూపిస్తే ఆమెకు చదువు రాదు. చివరికి అరచెయ్యి కిందికి ఊపుతూ కూర్చున్నాను.

"గేదెని అదిలించినట్టు అదిలిస్తావేటిరా నన్ను" అంది. "ఎర్రకొమ్ముకి ఇనపడొద్దా మరి?"

దాలయ్య మేస్త్రి పక్కనే కూర్చుని ఇదంతా చూసి నవ్వాడు. పాఠం చివర చూసేవాళ్లకు ఒక ప్రశ్న పెట్టాలని చెప్పబోయాను. అది మాత్రం ఆయన ఒప్పుకోలేదు. తనకు తెలిసిందాన్నే తను అడిగితే తనకు మతి పోయిందనుకుంటారట. ప్రశ్న నేనే టైపు చేశాను.

5వ రోజు

మేస్త్రి చేతులు బాగా కనిపిస్తున్నాయి. మాట మాత్రం రావడం లేదు. మూడు వీడియోలు తీశాం. మూడింట్లోనూ తాడు చప్పుడే. మాట్లాడాలని సైగ చేశాను.

"ఎవులూ నేనికాడ ఎవులితో మాటాడమంటావురా" అన్నాడు.

సగం పూట ఆలోచించాను. తరవాత మా అప్ప ఫొటో తెచ్చి కెమెరా కన్ను కింద అంటించాను. అప్ప చిన్నప్పుడు మేస్త్రి ఆమెను భుజాన ఎక్కించుకుని వలలు చూపించడానికి తీసుకెళ్లేవాడు. పోలీ అని పిలిచేవాడు. ఆయన ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. తరవాత తాడు పట్టుకుని, "పోలమ్మా, ఇలగ సూడు తల్లీ" అని మొదలుపెట్టాడు. ఆపితే మళ్లీ రాదేమోనని నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. ఒక్క పూటలో రెండు పాఠాలు అయిపోయాయి.

ఈ కిటుకు మీ ట్రైనింగులో లేదు మేడం. మిగతా కొండల్లో నేర్పేవాళ్లకు చెప్పండి, పనికొస్తుంది.

8వ రోజు

ఇవాళ ఆరో పాఠం, తలముడి. వల పైతాడును గుంజ చివర కట్టే ముడి ఇది. మంచు తగిలి వల తడిస్తే పదిమంది మనుషుల బరువు తూగుతుంది. ఆ బరువంతా ఈ ముడి మీదే ఉంటుంది. అది నిలిస్తే వల నిలుస్తుంది. కట్టగానే దాని మీద నార చుట్టి తారు పూసేస్తారు. అందుకే మా కొండ మీద రోజూ వలల కింద తిరిగే నేను కూడా ఆ ముడిని ఎప్పుడూ చూడలేదు.

మేస్త్రి ఒక్కసారికే చేసేశాడు. తాడు అడుగు నుంచి తెచ్చాడు, మోచెయ్యి లేపి లాగాడు, మళ్లీ తెచ్చాడు, లాగాడు. "పోలీ, ఇదొక్కటీ వస్తే నీకు అన్నీ వచ్చినట్టే" అన్నాడు. వీడియోలో ముందూ వెనకా ఉన్న చెత్తను తనే కత్తిరించాడు. బొటనవేలు పెట్టి తనే అప్‌లోడ్ చేశాడు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆయన లేస్తూ నా తల మీద చెయ్యి వేశాడు. పదేళ్లప్పుడు వెనక్కి పంపిన చెయ్యి అది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ షెడ్డు వెనక్కి వెళ్లి కాసేపు కూర్చున్నాను.

నాలుగింటి బుడగకు పాఠం వెళ్లింది. పాఠం ఖాయమైందని మీ దగ్గర నుంచి పచ్చ టిక్కు వచ్చింది.

12వ రోజు

అప్ప మెసేజ్ పెట్టింది. వల జారిందట.

పాఠం చూసి తొమ్మిదో రోజు కట్టారు. రెండు రోజులు బాగా నిలిచింది. నీళ్లు కూడా కారాయి. ఇవాళ తెల్లవారగానే పైతాడు జారి వల కిందపడింది. కింద నీళ్లు పారే రేకు విరిగింది. వచ్చిన నీళ్లు మట్టిపాలయ్యాయి. ఇంకో వలకు మళ్లీ పాఠం చూసి కట్టారట. ఇంకా పదహారు రోజులకు నీళ్లున్నాయి, కంగారుపడకు అని రాసింది. అప్ప కంగారుపడకు అని రాసిందంటే కంగారుపడుతోందని అర్థం.

13వ రోజు

తప్పు నాదేనని నాకు అర్థమైంది మేడం. ముందువైపు కెమెరాలో కుడి ఎడమ తారుమారవుతుందని మీరు చెప్పారు. ఆ సెట్టింగ్ చూశాను, సరిగ్గానే ఉంది. కత్తిరించినప్పుడు ఒక మెట్టు పోయిందేమోనని అసలు వీడియో తీసి చూశాను. ఏమీ పోలేదు. మాట వెనకా బొమ్మ ముందూ వస్తోందేమో చూశాను. అదీ లేదు. ఇంకేం చూడాలో తెలియడం లేదు. మేస్త్రికి చెప్పడానికి భయంగా ఉంది. ఆయన అంత బాగా చేస్తే నేను పాడుచేశాననుకుంటాడు.

14వ రోజు

కెమెరాలో ఇంకో ముక్క దొరికింది.

ఎనిమిదో రోజు పాఠం అయ్యాక మేస్త్రి ఆపాననుకుని వేరే బటన్ నొక్కినట్టున్నాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. ఆయన వెనక్కి తిరిగి కూర్చుని, మా కొండ వల ఒకటి బాగుచేసుకున్నాడు. వీపు అడ్డుగా ఉంది, చేతులు కనపడవు. మోచెయ్యి మాత్రం కనపడుతుంది. అదే తాడు, అదే గుంజ, అదే ముడి.

మోచెయ్యి మూడుసార్లు లేచింది.

పాఠంలో రెండుసార్లే లేస్తుంది. ఇరవైసార్లు చూశాను. పాఠం ఒకసారి, ఈ ముక్క ఒకసారి. రెండు, మూడు. రెండు, మూడు. తప్పు నాది కాదని తెలిసింది. తప్పు నాదే అయ్యుంటే బాగుండేది.

15వ రోజు

పొద్దున అప్ప బదులు బావ మెసేజ్ పెట్టాడు. రెండో వలా జారింది. తాడు కొరడాలా వచ్చి అప్ప భుజానికి తగిలింది. ఎముక విరగలేదంటున్నాడు. పదమూడు రోజుల నీళ్లున్నాయి.

మేస్త్రి షెడ్డుకు వెళ్లాను. నేనంతట నేను ఆయనతో మాట్లాడడం ఇదే మొదలు.

"పాఠంలో మోచెయ్యి రెండుసార్లే లేచింది మేస్త్రీ" అన్నాను. "ఇక్కడ మూడుసార్లు లేస్తోంది."

ఆయన దాచలేదు. చేతిలో పని కూడా ఆపలేదు.

"అది పరాయి ముడిరా. పక్కన కూకోనోడికి సూపించేది అదే. మా అయ్య నాకు అలగే సెప్పాడు."

తరవాత మెల్లగా వివరించాడు. పక్కన కూర్చుని, మేస్త్రి చేతుల మీద చేతులు వేసి నేర్చుకున్నవాడికే అసలు ముడి. దూరం నుంచి చూసేవాడికి మూడు రోజులు నిలిచేది. అది జారితే వాడు నడిచొచ్చి అడుగుతాడు. మేస్త్రిని తీసుకెళ్లి ఇల్లిస్తాడు, పిల్లనిస్తాడు. ఏడు కొండలకు గాలిమెట్ట మేస్త్రీలు అలాగే వెళ్లారు. ఆయన దగ్గర కూర్చున్న నలుగురూ అలాగే తలా ఒక కొండకు పోయారు, ఇక్కడ ఒక్కరూ మిగల్లేదు. ముడి ఊరికే ఎగిరిపోతే గాలిమెట్ట మొహం ఎవడు చూస్తాడని అడిగాడు. జారితే నన్ను పిలుస్తారు, పుష్యంలో నేనే వెళ్దామనుకున్నాను అన్నాడు. మోసం కాదట అది. మేస్త్రిని పిలవమనే కబురట.

"అప్పని పేరెట్టి పిలిచారు గదా" అన్నాను.

"పిలిచాను. పోలి నాకు పరాయిది కాదు. ఆ డబ్బా పరాయిది."

అప్ప భుజం సంగతి చెప్పాను. అప్పుడు ఆయన చేతిలో దారపు కండె ఆగింది. ఎంత దెబ్బని అడిగాడు. పదమూడు రోజుల నీళ్లే ఉన్నాయని చెప్పాను. అంత తక్కువని ఆయనకు తెలియదు. సంఘం వాళ్లు బుడగలో నీళ్లు దింపుతారు కదా, అడుగు అన్నాడు. అందుకే అడుగుతున్నాను మేడం. దింపుతారా?

నాకు ఒక్కటే తిరుగుతోంది బుర్రలో. ఆ ఫొటో అంటించింది నేను. మాట రాని మనిషికి మాట తెప్పించాను. ఆ మాటతోనే ఆయన మా అప్పను నమ్మించాడు. అప్ప ఆ వీడియో ఎన్నిసార్లు చూసి ఉంటుందో. తన పేరు విని ఎంత సంబరపడి ఉంటుందో.

16వ రోజు

మీ జవాబు వచ్చింది. పుష్యానికి ముందు బుడగ నీళ్లు మోయలేదని, ఆరో పాఠానికి ఇప్పటికే పచ్చ టిక్కు ఉంది కాబట్టి మళ్లీ తీయాలంటే మేస్త్రి ఒప్పుకోవాలని రాశారు. అది ఆయనకు చదివి వినిపించాను.

ఆయన చేతిలో పని పక్కన పెట్టాడు. కెమెరా ముందు కూర్చుని తాడు కూడా పట్టుకున్నాడు. రెండుసార్లు లాగాడు. మూడోది రాలేదు. తాడు ఒళ్లో పెట్టేసుకున్నాడు.

"నావల్ల కాదురా. మా అయ్య అడ్డొస్తన్నాడు" అన్నాడు. కాసేపటికి, "నువ్వు కూకో. నీకు సెప్తాను. పుష్యంలో ఎల్లి మీ అప్పకి నువ్వే సెప్పు" అన్నాడు.

పుష్యానికి ఇంకా నెల దాటి ఉంది. ఆ మాట అన్నాను. ఎలాగో గడుపుతారులే, మనుషులు గట్టివాళ్లు అన్నాడు.

ముందు ప్రమాణం చేయాలి. వల కింద పట్టిన నీళ్లు దోసిట్లో పోశాడు. పక్కన కూర్చోనివాడికి చూపించనని చెప్పి తాగాలి. చెప్పాను. తాగాను. చల్లగా ఉన్నాయి. ఆయన కళ్లలోకి చూస్తూనే తాగాను. ఎవరి కళ్లలోకీ చూడలేనివాడిని, అప్పుడు ఎలా చూశానో తెలియదు.

18వ రోజు

మూడు రోజులుగా నేర్చుకుంటున్నాను. ఆయన వెనక కూర్చుని, చేతులు చాపి ఆయన చేతుల మీద వేయాలి. గడ్డం ఆయన భుజానికి తగులుతుంది. ఆయన కదిలితే నా చేతులూ కదులుతాయి. మూడోసారి తాడు తన కిందకే తను దూరుతుంది, అది కంటికి కనపడదు, వేళ్లకే తెలుస్తుంది. ఇవాళ మధ్యాహ్నం ఆయన చేతులు తీసేశాడు. నావి ఆగలేదు. ముడి పడింది. దానికి ఒక రాయి వేలాడదీసి, నీళ్లు చల్లి, తన బరువంతా వేసి లాగాడు. కదల్లేదు.

"ఈ సేతుల్తోటి ఆరేళ్లు బేటరీలు తుడిపించాను" అన్నాడు. "తప్పు నాదేరా తవిటా."

ఆ మాట కోసం ఆరేళ్లు చూశాను మేడం. ఇవాళ వద్దనిపించింది.

19వ రోజు

పొద్దున్నే బ్యాటరీ షెడ్డు తలుపు వేసుకుని కెమెరా నిలబెట్టాను. చేతులు మాత్రమే చూపిద్దామనుకున్నాను. కుదరదు. మూడో మెలిక కంటికి కనపడదు కాబట్టి నోటితో చెప్పాలి. వేలికి తాడు ఎక్కడ తగలాలో, ఎప్పుడు బిగుతు తెలియాలో చెప్పాలి. తొమ్మిదిసార్లు తీశాను. ఏడింట్లో మాట ఆగిపోయింది. ఎనిమిదోసారి బాగానే వచ్చింది గానీ మైకు పెట్టలేదు. తొమ్మిదోది మూడు నిమిషాల పదిహేను సెకన్లు. నా ముఖం కూడా పడింది. తీసేయలేదు.

నాలుగింటి బుడగకు వెళ్లిపోయింది. పాత ఆరో పాఠం తీసే అధికారం నాకు లేదు. అందుకే దాని కిందే ఇది పెట్టి, పైది చూడొద్దని రాశాను.

తరవాత ఆయన దగ్గరికి వెళ్లాను. ఎవరో చెబితే తెలియడం కంటే నేను చెబితేనే నయం అనుకున్నాను. గుమ్మంలో నిలబడ్డాను. ఆయన నన్ను చూసి తనే అడిగాడు.

"ఎట్టీసావా?"

తల ఊపాను.

"నీళ్లు తాగినప్పుడే అనుకున్నావా?"

"అప్పుడే అనుకున్నాను."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కెమెరా తుడిచి, బట్టలో చుట్టి, మైకు తీగ పొందిగ్గా మడత పెట్టి ఇచ్చాడు. నేను నేర్పినట్టే మడత పెట్టాడు.

"నాను మూడు రోజులు నిలిసే ముడి ఏసాను" అన్నాడు. "నీ మాట ఒక్క పూట కూడా నిలవనేదురా."

20వ రోజు

ఇవాళ ఎవరికీ ఏమీ నేర్పలేదు. అసిరమ్మ రాలేదు. పిలవడానికి వెళ్తే, ఆ డబ్బా ముందు తను ఇంక కూర్చోనని లోపలి నుంచే చెప్పింది. కొండంతా తెలిసిపోయింది. నేను నడుస్తుంటే మాటలు ఆపేస్తున్నారు. మా అమ్మ కంచంలో అన్నం పెట్టి, అప్ప కూడా తన కడుపున పుట్టిన బిడ్డే కదా అన్నట్టు నా పక్కనే కూర్చుంది, అంతే.

బుడగ వచ్చిన వేళ మీరు ఫోన్ చేశారు, తీయలేదు. క్షమించండి. రాయగలను గానీ చెప్పలేను.

ఒకటి అడగాలని ఉంది. నేను చేసింది ఆయన చేసినదాని లాంటిదేనా? ఆయన నన్ను నమ్మించి మా అప్పకు జారే ముడి ఇచ్చాడు. నేను ఆయన్ను నమ్మించి ఆయన నాన్న ముడి తీసుకున్నాను. నాది నీళ్ల కోసం అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆయనా ఏదో ఒకటి చెప్పుకునే ఉంటాడు.

24వ రోజు

వల నిలిచింది.

ఐదో పొద్దు ఇది. అప్ప గొంతు పంపింది. వెనకాల నీళ్లు రేకు మీద పడుతున్న చప్పుడు వినిపించింది, ముందు దాన్నే విన్నాను. తొట్టి జానెడు నిండిందట. ఇంకో మూడు వలలు కడుతున్నారు. భుజం తగ్గుతోంది, ఒంటి చేత్తో కట్టలేక బావకు నేర్పిందట. పక్కన కూర్చుని, చేతుల మీద చేతులు వేసి.

అప్పకు ఇక్కడి సంగతేమీ తెలియదు. నేను చెప్పలేదు. "మేస్త్రికి నా దండాలు సెప్పరా" అంది. "మొదట ఏదో మరిసిపోయుంటాడు పాపం, పెద్దోడు గదా. నీసేత సెప్పించాడంటే నిన్ను పక్కన కూకోబెట్టుకున్నాడన్నమాటే. అమ్మకి ఎంత సంబరమో."

ఫాల్గుణంలో పెద్దగాలి వస్తుంది. దానికి ముందు వలలు దించి దాచాలి. దించడం కట్టడం కంటే కష్టం, తప్పు దించితే గుంజలతో సహా పోతాయి. అది ఏడో పాఠం. ఆ తరవాత ఇంకో ఐదున్నాయి. నాకు వచ్చింది ఒక్క ముడే. ఏడో పాఠం ఎప్పుడు వస్తుందని అప్ప అడిగింది. మీరూ అదే అడిగారు.

పొద్దున మేస్త్రి షెడ్డు దాకా వెళ్లాను. అప్ప దండాలు చెప్పి, తరవాత అడుగుదామనుకున్నాను. లోపల కండె ఆడుతున్న చప్పుడు వినిపించింది. గుమ్మంలో నా నీడ పడగానే ఆగింది. నిలబడ్డాను. ఆయన తల ఎత్తలేదు, పొమ్మనలేదు, కూర్చోమనలేదు. దండాలు చెప్పకుండానే నేను వెనక్కి అడుగు వేశాక చప్పుడు మళ్లీ మొదలైంది.